నీడలో పసుపు

"ఎండ పడుతదా?"

"పడదు."

"అయితే గులాబి ఇయ్య."

కోరుట్లలో, మేడిపల్లి రోడ్డు మీది నర్సరీలో మొక్కలమ్మే ఊర్మిల నాతో మాట్లాడిన మొదటి ముక్కలివి. నాకు ఒళ్ళు మండింది. షార్జాలో ఏళ్ళ తరబడి గార్డెన్ పని చేసినవాణ్ణి, ఇసుకలో పూలు పూయించినవాణ్ణి. ఈ శ్రీహరికే గులాబి ఇవ్వదట!

"పక్కోళ్ళు మూడంతస్తులు లేపిండ్రు. మా వాకిట్ల మొక్కలన్ని పోయినయి," అన్నాను. "మా అవ్వ ఆడనే కూసొని బీడీలు చేస్తది. జర పచ్చగుండాలె."

"గా ముచ్చట ముందుగాల చెప్పాలె గదా!" అంటూ ఫెర్న్, పీస్ లిల్లీ, తమలపాకు తీగ తీసి పెట్టింది. "ఇవి నీడల మంచిగుంటయి. నీళ్లు మాత్రం చూసి పోయుండ్రి."

నాకు నీళ్ళ సంగతి చెబుతోంది! నవ్వుకుంటూ వచ్చేశాను. కొద్ది రోజులకే ఆకులన్నీ పండిపోయి వేలాడాయి. కుండీ పట్టుకుని కొట్లాటకు బయల్దేరాను.

"మీ మొక్కలల్లనే ఏదో తప్పున్నది."

"మొక్కలల్లనా, మనిషిలనా? పాండ్రి చూద్దాం."

స్కూటీ వేసుకుని మా ఇంటికే వచ్చింది. కుండీలో వేలు గుచ్చితే అంతా బురద.

"ఎప్పుడెప్పుడు పోస్తున్నరు?"

"పొద్దున, మాపటికి. షార్జాల గట్లనే పోసేది."

"అది ఎడారి. గిది నీడ. ఈడ తడి ఆరదు. ఏర్లన్ని మురిగినయి."

నన్ను కన్న మా అవ్వ నాగవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఒకటే నవ్వు. "నేను చెప్తె ఇంటడా బిడ్డా? వీనికి దేని మీదన్న పాణమైతె గిట్లనే ముంచుతడు."

ఆ తర్వాత ఏదో ఒక సాకుతో నర్సరీకి పోతూనే ఉన్నాను. మట్టి అయిపోయిందని ఒకసారి, కుండీ పగిలిందని ఇంకోసారి. "మంచిగున్న కుండీ పగలగొట్టిండ్రా?" అని ఆటపట్టించేది. నిజమే, పగలగొట్టాను.

తొలకరి పడిన రోజు ఇద్దరం షెడ్డు కింద నిలబడ్డాం.

"మీ గోడ పక్కన జర వెలుతురొస్తది. పసుపు పెడ్దామా? ఇప్పుడు పెడితె మాఘంల తవ్వొచ్చు," అంది.

"మాఘం దాక నేనుండ. మల్ల వీసా అచ్చింది."

ఆమె చేతిలోని పసుపు కొమ్ము మళ్ళీ గంపలోకి పోయింది.

"అయితే పసుపు వద్దు. మా బాపు మస్కట్ల ఉంటడు. అచ్చినప్పుడల్లా ఒక మొక్క పెట్టి పోతడు. ఒక్కటి పూసినప్పుడు గూడ చూడలే. వాటికి నీళ్లు పోసుకుంటనే మా అవ్వ ముసల్దైంది. నాకు గసొంటి బతుకు వద్దు."

అనేశాక తానేమందో తెలిసి గబుక్కున అటు తిరిగింది. ఆ మాట నా గురించేనని అర్థమైంది. సంతోషమూ అప్పుడే, భయమూ అప్పుడే.

"ఈడ నాకు పనేమున్నది, ఊర్మిలా?"

"ఎడారిల పైపులేసి చుక్క చుక్క నీళ్లు పారిచ్చినోనికి పసుపు చేన్లల్ల పని లేదా? ఎవర్నన్న అడిగిండ్రా?"

అడగలేదు. ఊరి నుంచి వెళ్ళడమే తప్ప, ఊళ్ళో అడగడం మా ఇంటా వంటా లేదు.

మరునాటి నుంచి మేడిపల్లి వైపు ఊరూరా తిరిగాను. చాలామంది చూద్దామన్నారు. చివరికి రాజమల్లు అనే రైతు తన చేనులో డ్రిప్ పైపులు బిగించమన్నాడు. ఆ మట్టి కాళ్ళతోనే నర్సరీకి పోయాను.

"పసుపు కొమ్ములు కావాలె."

"వీసా?"

"వద్దని చెప్పిన."

ఊర్మిల కళ్ళు తుడుచుకుని, మొలకలొచ్చిన కొమ్ములు ఏరి నా దోసిట్లో పోసింది.

"రోజు నీళ్లు పోయొద్దు."

"మరి పోయాల్నా వద్దా, నాకెట్ల తెలుస్తది?"

"రోజొచ్చి నన్నడుగు," అంది. నన్ను నువ్వనడం అదే మొదలు.

సాయంత్రం ఇద్దరం గోడ పక్కన కొమ్ములు నాటుతుంటే, అవ్వ బీడీ చుడుతూ తలెత్తకుండానే అంది:

"జర ఎక్కువే పెట్టుండ్రి బిడ్డా. మాఘంల పెండ్లికి సరిపోవాలె."