ఇరవై ఏడు ఎముకలు

ఆదివారం మధ్యాహ్నం. యూనివర్సిటీలో నరమానవుడు లేడు. పురావస్తు శాఖ భవనం కింద, కిటికీల్లేని స్టోర్ రూములో ఆమె ఒక్కతే కూర్చుని ఎముకలు లెక్కపెడుతోంది. పీహెచ్‌డీ మొదలుపెట్టి ఐదో ఏడు. "ఈ నెలాఖరుకి అధ్యాయం ఇవ్వకపోతే ఇక నన్ను అడక్కమ్మా" అని గైడ్ తేల్చి చెప్పేశాడు.

బల్ల మీద నల్లగుడ్డ. దాని మీద, ఎన్నో వందల ఏళ్ళ కిందట పోయిన ఒక ఆడమనిషి కుడిచెయ్యి. కిందటి ఎండాకాలం తవ్వకంలో ఆమే బ్రష్షుతో మట్టి దులిపి బయటికి తీసింది. మనిషి చేతికి ఇరవై ఏడు ఎముకలు. అన్నీ దొరికాయని ఆ రోజు ఎగిరి గంతేసింది.

ఇప్పుడు లెక్కపెడితే ఇరవై ఎనిమిది.

కళ్ళు నులుముకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఎనిమిదే. మిగతావన్నీ మట్టిరంగులో ఉంటే, చిటికెన వేలి పక్కన ఒకటి మాత్రం తెల్లగా... తడిగా ఉంది.

మెట్ల దగ్గర కునుకు తీస్తున్న స్టోర్ కీపర్ని కేకేసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టాడు.

"ఇరవై ఏడేగా అమ్మాయ్."

"ఆ తెల్లదో, బాబాయ్?"

"తెల్లదేదీ?" ఆమె మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు. "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా? లేచి ఇంటికి పో."

ఆయన అటు వెళ్ళాడో లేదో, గదంతా తడిమట్టి వాసన. గుడ్డ మీద తెల్లవి మూడున్నాయి. చూస్తుండగానే నాలుగు.

పెన్ను జారిపోయింది. వంగి తీయబోయింది. తన కుడిచేతి చిటికెన వేలు తడిగుడ్డలా వేలాడింది. నొప్పి లేదు. ఉంగరం వేలు... మధ్యవేలు...

"వద్దు..." అంది గుసగుసగా. ఎవరితో అంటోందో తనకే తెలీదు. ఎడమచేత్తో ఆ తెల్లవాటిని అందుకోబోయింది. వేళ్ళకి ఉత్త గుడ్డే తగిలింది.

మళ్ళీ వచ్చి చూసిన స్టోర్ కీపర్ ఫోన్ చేస్తే అక్క పరుగున వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అప్పటికి చెయ్యి మళ్ళీ గట్టిపడింది. కానీ ముడవమంటే ముడుచుకోదు. డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశాడు. "ఎముకలన్నీ ఉన్నాయమ్మా. వట్టి నీరసం. పడుకుంటే తగ్గిపోతుంది."

"చదువూ వద్దు, గిదువూ వద్దు. ముందు మనిషివి కా" అని దారి పొడుగునా అక్క తిడుతూనే ఉంది. ఇంటికొచ్చాక తన నాలుగు నెలల కొడుకుని ఆమె పక్కన పడుకోబెట్టి, "వీణ్ణి చూస్తుండు, పాలు కాచుకొస్తా" అని వంటింట్లోకి వెళ్ళింది.

పిల్లాడు గుక్కపట్టాడు.

ఆమె కుడిచెయ్యి లేచింది. ఆమె లేపలేదు. వాడి గుండెల మీద మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది... ఎందరినో పెంచిన చెయ్యిలా. ఆమె ఏనాడూ ఏ బిడ్డనీ నిద్రపుచ్చి ఎరగదు.

ఏడుపు ఆగిపోయింది.

"ఏం మంత్రం వేశావే? నాకైతే అరగంట పడుతుంది!" వంటింట్లోంచి అక్క నవ్వింది.

అక్కా అని అరవాలనుకుంది. నోరు పెగల్లేదు. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని లాగింది. బండరాయిలా ఉంది... కదల్లేదు.

పిల్లాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. బోసినోటితో నవ్వుతున్నాడు. ఆ చెయ్యి వాడి వీపు కిందికి దూరి, మెత్తగా ఎత్తుకుంది.

అప్పుడు ఆమె పాదాలు కూడా మంచం దిగి వీధి తలుపు వైపు తిరిగాయి.