వెనక సీట్లో పెద్దాయన

తిరువూరులో మా పురుగుమందుల షాపు ముందు పెద్ద నల్ల కారు ఒకటి ఉండేది. దాని మీద ఎండ పడకుండా రేకుల పందిరి వేయించాను. షాపులో నా కుర్చీ మీద ఫ్యాను సరిగ్గా తిరగకపోయినా ఫర్వాలేదు గానీ, కారుకి మాత్రం నీడ తప్పకూడదు. జర్మనీ బండి. తలుపు గట్టిగా వెయ్యనక్కర్లేదు. ఊరికే ఆనిస్తే చాలు, మిగతా పని అదే చేసుకుని మెత్తగా మూసుకుంటుంది. మందుల కోసం వచ్చిన పత్తి రైతులు ఆ తలుపు వింత చూడ్డానికి కాసేపు నిలబడేవాళ్లు. నేను కూడా ఒకటికి నాలుగుసార్లు తీసి, వేసి చూపించేవాణ్ణి. "ఇంక చాలు, అది అరిగిపోద్ది" అని మా ఆవిడ నాగలత విసుక్కునేది.

ఆ బండి కొత్తగా ఉన్నప్పుడే కొన్నాననీ, ఇన్నాళ్లూ హైదరాబాదులో మా తోడల్లుడి దగ్గర ఉంచాననీ ఊళ్లో చెప్పాను. నిజానికి బ్రోకరు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాను. అంతకుముందు ఎవరిదో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అది బండికీ సరిపోతుంది, నాకూ సరిపోతుంది.

ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదు. నేను కొన్నది ముసలి ఏనుగు. ఈ నెల బ్రేకులంటే పైనెల ఏసీ. ఏ సామాను కావాలన్నా సముద్రం దాటి రావాలి. షాపులో వచ్చింది వచ్చినట్టు అది తినేస్తుంటే నాగలతకి ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చాను. చివరికి గేరు మారినప్పుడల్లా వెనకనించి ఎవరో తన్నినట్టు కుదపడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మా అబ్బాయికి విస్సన్నపేట సంబంధం వచ్చింది. అమ్మాయి అనూహ్య బాగా చదువుకుంది. వాళ్ల నాన్న వెంకటకృష్ణారావుగారికి బట్టల కొట్టుంది. మెత్తటి మనిషి. ఆయన మా ఇల్లు చూసుకోవడానికి వస్తానని కబురు పెట్టారు. ఆయన ముందు ఈ బండి కుదిపితే నా పరువేం కావాలి? విజయవాడ తీసుకెళ్లి, ఇలాంటి బండ్లు బాగుచేసే రాయప్పకి చూపించాను.

"గేరాయిలు ఇంతవరకూ మార్చనే లేదండి. మాడి మసైపోయింది," అన్నాడు రాయప్ప.

"జీవితాంతం మార్చక్కర్లేదన్నాడే బ్రోకరు?"

"ఎవరి జీవితాంతమో అడగాల్సిందండి," అని నవ్వాడు.

పాత ఆయిలు దించి కొత్తది పోశాడు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ తెచ్చి, గేరుబాక్సు పాత అలవాట్లు కూడా తుడిచెయ్యాలన్నాడు. ఈ బండ్లు తోలేవాళ్ల తీరు నేర్చుకుని గుర్తు పెట్టుకుంటాయట. "ఎవరో పెద్దాయన్ని వెనక కూర్చోబెట్టుకుని, కుదుపు తగలకుండా మెత్తమెత్తగా తోలాడండి దీని డ్రైవరు. దీనికి ఇంకా అదే గుర్తుంది. తుడవకపోతే మీ మాట వినదు." ఆ తుడవడానికి వేరే బిల్లట. ఆయిలు బిల్లుకే నా గొంతు ఆరిపోయి ఉంది. "వద్దులే, మెల్లగా నా అలవాటే నేర్చుకుంటుంది," అన్నాను. మీ ఇష్టమండి అని ల్యాప్‌టాప్ మూసేశాడు.

తిరిగి వస్తుంటే బండి వెన్నలా నడిచింది. ఒక్కటే తేడా. ఏసీలోంచి వాసన వస్తోంది. ముసలివాళ్లు మోకాళ్లకు రాసుకునే నొప్పుల నూనె వాసన. షెడ్డులో ఎవరో రాసుకుని ఉంటార్లే అనుకున్నాను.

వెంకటకృష్ణారావుగారు వచ్చారు, ఇల్లు చూశారు, మా వాడితో మాట్లాడారు. నాగలత పెట్టిన పులిహోర తిని బాగుందన్నారు. పొద్దువాలే వేళకి బస్సుకి బయల్దేరబోతుంటే నేను పోనిస్తానా? "బావగారూ, ఇంట్లో ఇంత బండి పెట్టుకుని మిమ్మల్ని బస్సెక్కిస్తామా?" అని పట్టుబట్టాను. ఆయన ముందు సీటు తలుపు దగ్గరికి వెళ్లారు.

"వెనక కూర్చోండి బావగారూ. ఈ బండిలో సుఖమంతా వెనక సీట్లోనే ఉంది."

"మీరు తోలుతుంటే నేను వెనక కూర్చుంటే ఏం బాగుంటుందండి?" అని మొహమాటపడ్డారు. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

ఊరు దాటేసరికి మబ్బు బాగా కమ్మింది. తొందరగా చీకటి పడింది. విస్సన్నపేట రోడ్డుకి రెండువైపులా మామిడి తోటలు. కొమ్మలు రోడ్డు మీదికి ఒంగి, లైట్ల వెలుగులో ముందుకి వస్తున్నట్టే ఉన్నాయి. సన్నగా తుంపర మొదలైంది. తడిసిన మట్టి వాసన. దాని వెనకే మళ్లీ ఆ నొప్పుల నూనె వాసన…

"బండి చాలా మెత్తగా పోతోందండి," అన్నారు ఆయన. "కొత్తదే కొన్నారా?"

"షోరూము నుంచి నేరుగా మాకే వచ్చింది బావగారూ. వేరే చెయ్యి పడలేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, బండి వేగం తగ్గింది. ఎక్సలేటరు తొక్కాను. ఇంజను గుర్రుమంది గానీ చక్రాలకి అందలేదు. మెల్లగా… కుదుపు లేకుండా… ఒక తోట గేటు ముందు ఆగింది. గేటు దగ్గర మనిషెవరూ లేరు.

"ఏమైందండి?"

"ఏం లేదు, కంప్యూటరు బండి కదా, చెకింగ్ చేసుకుంటుంది," అని కోతలు కోశాను. చెమట పట్టింది. సిగ్గుతో పట్టిందా, భయంతో పట్టిందా అంటే అప్పటికి సిగ్గుతోనే.

పక్కన ఖాళీగా ఉన్న ముందు సీటు సన్నగా రొద చేస్తూ ముందుకి జరిగింది. తనంతట తనే. దాని వెనక కూర్చునేవాళ్లు కాళ్లు చాపుకోవడానికి జరిపినట్టు… తర్వాత వెనక ఎడమ తలుపు తెరుచుకున్న చప్పుడు. తుంపర జల్లు లోపలికి కొట్టింది. బండి ఒకవైపు కాస్త కుంగింది. తలుపు మెత్తగా మూసుకుంది.

బావగారే చెప్పు తుడుచుకోవడానికి తలుపు తీశారేమో అనుకున్నాను. కానీ ఆయన కూర్చున్నది కుడివైపు. బండి కదిలింది. నేను తొక్కలేదు.

అద్దంలో చూశాను. వెంకటకృష్ణారావుగారు కుడి తలుపుకి అతుక్కుపోయి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఒద్దికగా కూర్చున్నారు. పెద్దవాళ్ల పక్కన కూర్చున్నప్పుడు మనమంతా కూర్చుంటామే, అలా. ఎడమవైపు ఎవరూ లేరు. తోలు సీటు మాత్రం లోతుగా నొక్కుకుని ఉంది.

ఆయన మధ్యమధ్యలో "ఆఁ… ఆఁ… అలాగేనండి," అంటున్నారు. నాతో కాదు.

చాలాసేపటికి ముందుకి వంగి, నా చెవి దగ్గర గుసగుసగా అన్నారు. "బావగారూ… ఏమీ అనుకోకండి… ఈయన, బండి తనదంటున్నారు."

అద్దంలో మళ్లీ ఎడమవైపు చూశాను.

"వేరే చెయ్యి పడలేదన్నారు కదా మీరు. ఈయనేమో మొదటినుంచీ తనదేనంటున్నారు. నేనేం చెప్పనండి?"

పడిన సిగ్గు ఇంతా అంతా కాదు. వెనక ఎవరున్నారన్న భయం కంటే, కాబోయే వియ్యంకుడి ముందు నా అబద్ధం బయటపడిందన్న సిగ్గే నన్ను ముందు కాల్చింది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే తల ఎత్తలేను. ఇంకెవరైనా బండి ఆపి పారిపోయేవారు. నేను మాత్రం ఎలాగైనా ఆ పెద్దాయన నోరు మూయించాలని చూశాను. బేరం కుదరని రైతుని బుజ్జగించడానికి షాపులో రోజూ అనే మాట ఉంది. మా వ్యాపారస్తుల ఇళ్లల్లో పుట్టినవాళ్లకి మాటలతోపాటే వస్తుంది. అదే అనేశాను.

"అయ్యా, అంతా మీదేనండి. బండేమిటి, ఇల్లూ వాకిలీ, షాపూ అన్నీ మీవే అనుకోండి. మాదేముంది, మీ దయ."

వెనకనించి ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు. నా మెడ మీద చల్లగా తగిలింది. ఆ తర్వాత బండి ఎక్కడా ఆగకుండా విస్సన్నపేట చేరింది.

ఇంటి ముందు వెంకటకృష్ణారావుగారు దిగారు. వానలో తడుస్తూనే తలుపు పట్టుకుని, ఎడమవైపు సీటుకేసి చేతులు జోడించారు.

"ఉంటాను బావగారూ. ఇల్లు బాగా నచ్చింది. మీ అబ్బాయి బంగారం. ముహూర్తం పెట్టించి ఫోన్ చేస్తాను."

ఆ తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చారు. మొహంలో మొహమాటం లేదు, బంధుత్వం లేదు. జేబులోంచి నోటు తీసి నా చేతిలో పెట్టారు. "టీ తాగు బాబూ. నెమ్మదిగా తోలు. పెద్దాయనకి కుదుపులు పడవు."

"బావగారూ… నేను రాంప్రసాద్‌ని…"

ఆయన వినిపించుకోలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. వీధరుగు మీద నిలబడిన ఎవరో ఆడమనిషి నన్ను చూసి, చూపు తిప్పేసుకుంది. నోటు పట్టుకుని అలాగే ఉండిపోయాను. నా పురుగుమందుల షాపుకొచ్చే కూలీకి కూడా నేను ఎప్పుడూ అలా ఇచ్చి ఉండను. సిగ్గుతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వెనక్కి తిరిగి చూశాను. సీటు ఖాళీ. నొక్కు కూడా లేదు. వాసన కూడా లేదు. దిగిపోయాడు… పీడ వదిలింది అనుకున్నాను. వెంటనే మా వాడికి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే "నాన్నా" అంటాడు, అది చాలు, ధైర్యం వస్తుంది.

"ఆఁ, చెప్పు," అన్నాడు.

"ఒరేయ్, నేన్రా…"

"తెలుసు. ఎక్కడిదాకా వచ్చావు? బండి పందిరి కింద పెట్టి, తాళాలు అమ్మకిచ్చి వెళ్లు."

"ఏం మాట్లాడుతున్నావురా? నేను నాన్నని…"

ఫోనులో వెనక మా వంటింట్లో గిన్నెల చప్పుడు. నాగలత ఎవరినో భోజనానికి లేవమంటోంది, నన్ను పిలిచినట్టే, "ఏవండీ" అని. కుర్చీ జరిగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. అది నా గొంతు. నేను షాపులో గొంతు సవరించుకునేది అచ్చం అలాగే.

"ఎవర్రా ఫోను?" అంది నా గొంతు.

"డ్రైవరు నాన్నా. తాగినట్టున్నాడు."

"ఆలస్యం చెయ్యొద్దని చెప్పు."

నోరు తెరిచాను. అరుద్దామనే తెరిచాను. నీకు పేరు పెట్టింది నేనురా అని, ఆ ఇంటి గోడలు లేపింది నేనురా అని… గొంతులోంచి వచ్చిన మాట మాత్రం వేరే.

"వస్తున్నా సార్," అన్నాను.