ఫ్యాన్‌లో అక్షింతలు

"దీనికి బువ్వ పెట్టిందెవరు?"

సీపీయూ ముందు గొంతుక్కూర్చున్న అనిల్ ఆ ఇంట్లో ఆడిన మొదటి మాట అదే. యమునకు ఒళ్లు మండింది.

"అన్నా, బాగుచేయమని పిలిచినం. ఎక్కిరియ్యమని కాదు."

"ఎక్కిరిస్తలేను మేడం. ఇగో, మీరే చూడండి." అరచేయి చాపాడు. అందులో పసుపుపచ్చని బియ్యపు గింజలు. "ఫ్యాన్ రెక్కల్ల ఇరికినయ్. ఫ్యాన్ తిరగకుంటే వేడెక్కి దానంతటదే బందైతది."

గుమ్మంలో నిలబడ్డ యమున తల్లి ఎంకమ్మ తప్పు చేసినట్టు కొంగు సర్దుకుంది.

"దసరా పూజల నేనే ఏసిన బిడ్డా. ట్రాక్టర్‌కేసిన, కొడవండ్లకేసిన. ఇంట్ల పనిచేసేది ఇదొక్కటి చిన్నబోదా?"

వేడెక్కుతోందని సీపీయూ పక్క రేకు ఊడదీసి ఎప్పుడో గోడకు ఆనించారు. అక్షింతలు తిన్నగా లోపలికే పడ్డాయి. అనిల్ నవ్వేశాడు. కోపంగా ఉండాలని చూసిన యమునకూ నవ్వు ఆగలేదు.

చిన్నాయన కొడుకు కొత్తది కొనుక్కుంటూ ఇచ్చిపోయిన పాత కంప్యూటర్ అది. గద్వాల మగ్గాలవాళ్లకు యమున చీర అంచుల డిజైన్లు గీసిచ్చేది దాని మీదే. అది మూలిగితే ఆమె పని ఆగిపోతుంది.

తర్వాత దానికి మతిమరుపు పట్టుకుంది. ఆన్ చేస్తే చాలు, ఎప్పటిదో తేదీ చూపించేది, ఇంటర్నెట్ తెరుచుకునేది కాదు.

"లోపల బిళ్లంత సెల్లుంటది. అది అయిపోయింది. అందుకే పాత కాలంలనే ఉంది," అన్నాడు అనిల్ కొత్తది వేస్తూ.

"మా అమ్మ లెక్కనే!"

"నాకు ఇనబడుతుంది," అంది వంటింట్లోంచి ఎంకమ్మ.

ఒక వాన రోజు తెర నల్లబడి, కీచుమని అరవసాగింది. అనిల్ కరెంటు వైరు తీసేసి, ర్యామ్ ముక్కను బయటికి లాగి, దాని బంగారురంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచాడు.

"ఇప్పుడు మీరు పెట్టండి. రెండు దిక్కులా టక్కుమనాలె."

యమున ఊపిరి బిగబట్టి నొక్కింది. అనిల్ వైరు తగిలించి ఆన్ చేశాడు. తెర వెలిగింది. ఆమె మొహమూ వెలిగింది.

"ఏంది అట్ల చూస్తున్నరు?"

"డిస్‌ప్లే వచ్చిందా లేదా అని."

"డిస్‌ప్లే అటు దిక్కుంది."

బయట వాన వెలిసింది. అనిల్ గ్లాసులో చాయ్ మాత్రం ఎంతకీ అయిపోలేదు.

కడపటి గుటక తాగి, తల వంచుకుని చెప్పాడు. "సోమవారం నుంచి నేను ఇక్కడ ఉండను. వనపర్తిల దుకాణం పెడుతున్న."

"మంచిదే కదా," అంది యమున. అని, చేసిన ఫైలునే మళ్లీ మళ్లీ సేవ్ చేస్తూ కూర్చుంది. సోమవారం నుంచి ఇది మూలిగితే ఎవరిని పిలవాలి? మూలగకపోతే మాత్రం, ఏమని పిలవాలి?

శనివారం పొద్దున్నే ఫ్యాన్ కరకరమంది. కంప్యూటర్ ఆగిపోయింది. ఫోన్ చేసిన కాసేపటికే అనిల్ వచ్చాడు. లోపలికి తొంగిచూసి, పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు.

"మేడం, దసరా ఎప్పుడో పోయింది గద? మళ్లీ అక్షింతలు! నన్ను పిలవాలంటే ఉత్త ఫోన్ చాలు గద."

యమున మొహం కందిపోయింది. "అంటే నేనే ఏసిన్నంటరా? నా పని చెడగొట్టుకొని మిమ్మల్ని పిలుస్తనా?"

"నవ్వులాటకు అన్న..."

"పోయేటోళ్లు పోండి. వనపర్తిల ఆడుకోండి నవ్వులాట!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అనిల్ ఫ్యాన్ దులిపి, గింజలు బల్ల మీద పెట్టి, సంచి సర్దుకోసాగాడు. వాటిని విసిరేద్దామని యమున గుప్పిట్లోకి తీసుకుంది. తడిగా తగిలాయి. వేళ్లకు పసుపు అంటింది.

"అమ్మా! చెయ్యి చూపియ్యి."

ఎంకమ్మ కొంగు చాటు నుంచి చెయ్యి తీసింది. వేళ్ల కొసలు పచ్చగా ఉన్నాయి.

"మరి ఏం చేయమంటవే? మొదటి దినం 'అన్నా' అన్నవ్. మళ్లొచ్చినప్పుడు ఆ మాట మింగినవ్. నాకు చెవుల్లేవా? ఈ పిలగాడేమో ఒక చాయ్ తాగనీకి పూట చేస్తడు. ఇద్దరూ నోరు తెరవకపోతిరి. ఈయన బస్సెక్కిపోవట్టె. నాకు తెలిసిన ఉపాయం ఇదొక్కటే!"

అనిల్ సంచి కింద పెట్టాడు. "ఉండమంటరేమో అని చూసిన. మంచిదే కదా అంటిరి."

"రమ్మంటరేమో అని నేను చూసిన," అంది యమున, నేలకేసి చూస్తూ.

"రమ్మంటే వస్తరా?"

"కంప్యూటర్‌తో సహా వస్త."

ఎంకమ్మ గొంతు సవరించుకుంది. "దీని నాయనకు నేను చెప్త. నువ్వు రేపు మీ అమ్మను తోల్కరా."

"సరే అత్తమ్మా."

ఆ మాట ఎలా జారిందో అనిల్‌కే తెలియలేదు. సిగ్గుతో సీపీయూ చాటుకు వంగి స్విచ్చు వేశాడు. ఫ్యాన్ చప్పుడు లేకుండా తిరిగింది.

ఎంకమ్మ కూతురి గుప్పిట విప్పి, ఆ తడి అక్షింతలు తీసుకుని ఇద్దరి తలల మీదా చల్లింది. యమున జడ మీంచి జారిన ఒక గింజ సీపీయూ వైపు దొర్లబోతే, అనిల్ గబుక్కున అరచేయి అడ్డం పెట్టాడు.