గుల్జార్ చేతికి సరిపోయే పిస్టల్

శనివారం ఉదయం ఎనిమిదింటికే హయాత్ బాషా టీపాయ్ మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. దుబాయ్‌కి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక హార్డ్‌వేర్ గోడౌన్‌కు స్టోర్‌కీపర్ అతను. ఇంట్లోకి ఏది కొనాలన్నా నాలుగు రకాలు పోల్చి చూస్తే గానీ నిద్రపట్టదు.

"తేల్చేసినా. స్టీలుదే తీసుకుందాం. పాయింట్ టూటూ పిస్టల్లో బరువుండేదే మేలు, పేల్చినప్పుడు అదరదు. దాని మీద ఈ నెల డిస్కౌంటు కూడా ఉండాది," అన్నాడు.

వంటింట్లో ఉన్న భార్య గుల్జార్ బేగం స్టవ్ కట్టేసి గుమ్మంలోకి వచ్చింది. కడప కాలేజీలో ఆమె ఎన్‌సీసీ క్యాడెట్. రైఫిల్ పట్టి గురి చూసిన ముచ్చట పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా చెబుతూనే ఉంది. మొన్న పుట్టినరోజుకు కూతురు మాహిరా పట్టుబట్టి షూటింగ్ క్లబ్బులో చేర్పించింది. పిస్టల్ ఇంటికి తెచ్చుకునేది కాదు, క్లబ్బులోనే ఉంటుంది. మూడు నెలల ప్యాకేజీకి తమకు నచ్చినదొకటి ఎంచుకోవాలి, అంతే. ఆ ఎంపికను హయాత్ బాషా తన నెత్తిన వేసుకున్నాడు.

"నేనొకసారి పట్టుకుని చూస్తా," అంది గుల్జార్.

"చూసేదేముండాదే? పదిహేను దినాలు వీడియోలు చూసినా. యల్లా, బయల్దేరండి."

క్లబ్బులో కోచ్ అల్మాస్, హైదరాబాదీ అమ్మాయి, మూడు పిస్టల్స్ బల్ల మీద పెట్టింది. హయాత్ బాషా స్టీలుదాన్ని చూపించాడు. గుల్జార్ చెవులకు మఫ్‌లు పెట్టుకుని గురి చూసింది. ఐదో గుండుకే పిస్టల్ మూతి కిందికి వాలింది.

"మోచెయ్యి వంచొద్దు! ఊపిరి బిగబట్టు!" వెనకనుంచి అరిచాడు హయాత్ బాషా.

"భాయ్, మీరు జర గీత వెనక్కి జరగండి," అంది అల్మాస్.

అతను జరిగాడు కానీ నోరు మూయలేదు. "వీడియోలో వాడు ఒంటిచేత్తో కాలుస్తున్నాడు. నీకేమైంది?"

గుల్జార్ పిస్టల్‌ను బల్ల మీద పెట్టి, మఫ్‌లు తీసి బయటి హాల్లోకి వచ్చేసింది. హయాత్ బాషా, మాహిరా వెనకే వచ్చారు.

"ఖలాస్. నువ్వే కాల్చుకో."

"నీ కోసమే కదా ఇంత తిప్పలు పడింది!"

"అన్నీ నా కోసమే! నా చెయ్యి అందని ఫ్రిజ్ నా కోసమే. దుబాయ్ నైఫ్ బజారులో నా కుట్టుపని మాన్పించి ఇక్కడికి తెచ్చింది నా కోసమే. ఏనాడన్నా నాకేం కావాలని అడిగినావా? అడిగి, నేను చెప్పేదాకా ఆగినావా?"

హాల్లో ఉన్నవాళ్లు తల తిప్పి చూశారు. హయాత్ బాషాకు ఒళ్లు మండింది. విసవిసా కారు దగ్గరికి నడిచాడు. మాహిరా వెంటపడింది.

"నాన్నా, అమ్మకు రెండు నెలలుగా కుడిచెయ్యి తిమ్మిరి. రొట్టెల పిండి నేనే పిసుకుతున్నా. ఇష్టమైన ఆటతో కాస్త తేరుకుంటుందని ఇక్కడ చేర్పించా. నీకు తెలుసా?"

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వే ఏదో మందు తెచ్చేసి, నువ్వే తేల్చేస్తావని."

అతను తెరిచిన కారు తలుపు మళ్లీ మూసేశాడు. రెండు నెలలుగా రోజూ అన్నం వడ్డించిన చెయ్యి అది.

లోపలికి వచ్చేసరికి గుల్జార్ బెంచీ మీద కూర్చుని ఉంది. ఎదురుగా నిలబడి, "నీకేది బాగుండాది?" అన్నాడు.

"తెలీదు. పట్టుకోవల్ల."

"పట్టుకో. నేను మాట్లాడను."

ఆమె మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లి మూడు పిస్టల్సూ మార్చి మార్చి చూసింది. మాట్లాడకుండా ఉండటం హయాత్ బాషాకు ప్రాణం మీదికి వచ్చింది. పెదవి కొరుక్కుంటూ గీత వెనకే ఉన్నాడు. చివరికి ఆమె ప్లాస్టిక్ పిడి ఉన్న తేలికదాన్ని, అతను మొదటిరోజే పనికిరాదని పక్కన పెట్టేసినదాన్ని, తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పది గుళ్లు కాల్చింది. రెండు నల్ల చుక్కలో పడ్డాయి, మిగతావి చెల్లాచెదురయ్యాయి.

మోచెయ్యి గురించిన మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె మఫ్‌లు తీసి మళ్లీ హాల్లో బెంచీ మీద కూర్చున్నాక అడిగాడు.

"నొప్పి పెడుతుందా?"

గుల్జార్ తలెత్తి చూసింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా కళ్లలోకి వచ్చింది.

"రాత్రిపూట ఎక్కువ. వేళ్లు కదలవు. డాక్టరు దగ్గరికి పోవాలంటే భయంగా ఉంది," అంటూ మొదటిసారిగా చెప్పడం మొదలుపెట్టింది. అతను పక్కన కూర్చుని, ఆ చెయ్యిని తన ఒళ్లో పెట్టుకుని, మధ్యలో ఒక్క మాట కూడా కల్పించుకోకుండా విన్నాడు.