వారంటీకి మూడు రోజులు

“మీ హైబ్రిడ్ కారులో ఏ లోపమూ లేదండీ. ఆ కుదుపు నార్మలే” అన్నాను.

“నా దగ్గరికి పన్ను నొప్పని వచ్చినవాళ్ళని ‘నొప్పి నార్మలే’ అని పంపేస్తే ఊరుకుంటారా?” అంది ఆమె. పళ్ళ డాక్టరు. కారు చిన్నదే గానీ ఆమె నోరు పెద్దది.

ఆమె రావడం అది ఆరోసారి. నేను సర్వీస్ సెంటర్‌లో అడ్వైజర్ని. సలహాలిస్తాననుకునేరు! వచ్చినవాళ్ళకు నచ్చజెప్పి పంపేయడమే నా ఉద్యోగం. కస్టమర్ కుదుపంటే, సెంటర్ ముందున్న నున్నటి రోడ్డు మీద కారును ఒక చుట్టు తిప్పి, జాబ్ కార్డులో ‘సమస్య కనబడలేదు’ అని రాసేస్తాం. ఆ రోడ్డు మీద ఎడ్లబండి కూడా కుదపదు.

ఇందులో నా స్వార్థమూ ఉంది, దాచడమెందుకు? కారు బాగైతే ఆమె రాదు. ఆమె వచ్చే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ గేర్‌బాక్స్ ఇలాగే మొరాయించాలని మొక్కుకునే ప్రబుద్ధుణ్ణి నేను.

“వారంటీ ఇంకా మూడు రోజులే ఉంది. తర్వాత బ్యాటరీ, గేర్‌బాక్స్ రెండూ నా నెత్తిన పడతాయి. మీ దారి చాలు, ఈసారి నా దారిలో రండి” అని నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది.

వాన మొదలైంది. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతోంది. ఆమె కళ్ళు రోడ్డు మీద, నా కళ్ళు ఆమె మీద. బ్యాటరీతో నడుస్తున్న కారు ఇంజిన్‌కి మారేసరికి ఒక్క ఎగురు ఎగిరి, ఎత్తు మీదే ఆగిపోయింది. వెనక లారీ హారన్ చెవులకు చిల్లులు పొడుస్తోంది.

“ఇది నార్మలేనా?” అంది ఆమె, హ్యాండ్‌బ్రేక్ లాగుతూ. “వారానికి రెండుసార్లు అమ్మని ఇందులోనే ఆస్పత్రికి తీసుకెళ్తాను.”

నాకు చచ్చేంత సిగ్గేసింది.

కారు ఎలాగోలా మళ్ళీ కదిలి సెంటర్‌కి రాగానే జాబ్ కార్డు తీసి రాశాను: ‘ఎత్తు మీద కారు ఆగిపోయింది. నేను లోపలే ఉన్నాను. బ్యాటరీ, గేర్‌బాక్స్ మార్చాలి.’

మేనేజర్ కుర్చీలోంచి లేచాడు. “లోపలున్నావా? ఎవరు ఉండమన్నారు?”

“కస్టమరండీ.”

“కస్టమర్ మాట వినడం ఎప్పట్నుంచి మొదలెట్టావయ్యా?”

కార్డు మీద నా సంతకం పడ్డాక కంపెనీ కాదనలేకపోయింది. రెండూ మార్చారు. నన్నూ మార్చారు, కార్లు కడిగే షెడ్డుకి.

నెల గడిచినా ఆమె రాలేదు. ఎలా వస్తుంది? కారు బంగారంలా నడుస్తోంది కదా! నా నోట్లో నేనే మన్ను కొట్టుకున్నాను.

ఒక సాయంత్రం ఆ కారే షెడ్డులోకి వచ్చింది. ఆమె దిగింది, వెనకే వాళ్ళమ్మ.

“కారు శుభ్రంగానే ఉంది కదండీ?” అన్నాను గొట్టం పట్టుకుని.

“ఏం బిగించారండీ బాబూ! నెలరోజులు ఎదురుచూశాను, ఒక్క కుదుపు కూడా రాదే! ఇక సాకు లేకుండానే వచ్చేశాను. మీరంటే నాకిష్టం.”

గొట్టంలో నీళ్ళు నా బూట్లలోకే పోతున్నాయి.

వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “నీలో లోపాలేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు నాయనా.”

“జీతం తగ్గిందండీ. కోపం ఎక్కువ. గురక పెడతానని అన్నయ్య అంటాడు. ఇంకా...” డాక్టరు వైపు ఓసారి చూశాను. “మీ అమ్మాయి మళ్ళీ మళ్ళీ రావాలని, మొదటి అయిదుసార్లూ కారును సరిగ్గా చూడలేదు.”

“అయిదుసార్లా!” ఆమె మొహం కందిపోయింది. “నేనక్కడ ప్రాణాలు అరచేత పెట్టుకుని నడుపుతుంటే!”

“తప్పేనండీ. మీరు ఇష్టమన్నాక ఇది దాచడం నావల్ల కాలేదు.”

ఆమె గొట్టం లాక్కుని నన్ను నెత్తి నుంచి కాళ్ళ దాకా తడిపేసింది. కదలకుండా నిలబడ్డాను. ఎప్పుడో మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది గానీ, నీళ్ళు మాత్రం ఆపలేదు.

“చాల్లేవే, జలుబు చేస్తుంది” అంది వాళ్ళమ్మ, కారులోంచి తువ్వాలు తీసి నా చేతికిస్తూ. “తుడుచుకో అల్లుడూ.”