వెలుగు తగలకూడనిది

నీళ్ళ ప్లాంటులో ఆమె పనిచేసే గదికి కిటికీలు లేవు. మూలన నల్ల మూత వేసిన ట్యాంకు, అందులో ఊరి నీళ్ళలో కలిపే క్లోరిన్ డయాక్సైడ్. పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు, ముక్కు పుటాల్ని కోసే వాసన. వెలుగు తగిలితే విరిగిపోతుంది కాబట్టి దాన్ని చీకట్లోనే ఉంచాలి. లీటరు నీటికి అది మిల్లీగ్రాము కూడా దాటకుండా చూడటం ఆమె ఉద్యోగం.

ఆ మందునే చిన్నోడు నెలరోజులుగా తాగుతున్నాడు.

చిన్నోడు ఆమె తమ్ముడు. ముప్పై దాటినా ఆ పేరు పోలేదు. అమ్మ పోయాక అలా పిలవడానికి అక్క ఒక్కతే మిగిలింది. వాడికి పేగుల జబ్బు. మందులతో నెమ్మదిగా తగ్గుతుందన్నాడు డాక్టరు. ఈ చుక్కలతో వారంలో తగ్గుతుందన్నారు ఫోన్‌లో ఎవరో.

"మీరు ఊరందరికీ పోస్తే మంచినీళ్ళు, నేను తాగితే విషమా?" అన్నాడు వాడు.

"ఒరేయ్, నువ్వు తాగేది దానికి కొన్ని వందల రెట్లు. రక్తం పాడైపోతుందిరా."

"నీకు ఉద్యోగమిచ్చిన మందునే తిడుతున్నావు చూడు," అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మర్నాడు పొద్దుట్నించీ చేసి చేసి ఆమె ఫోన్ ఛార్జి కూడా అయిపోయింది. డ్యూటీ దిగగానే వానలో తడుచుకుంటూ వాడి ఇంటికి బయల్దేరింది. ఎలాగైనా సరే, ఇవాళ వాణ్ణి ఆస్పత్రిలో చేర్చాలి.

వెళ్ళేసరికి మసక చీకటి పడింది. గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగు కింద ముడుచుకుని కూర్చున్నాడు.

"మీ తమ్ముడుగారు మెట్ల మీద బల్బులు కూడా పీకేశారమ్మా. గబ్బిలాల్ని పెంచుతున్నారేమో కనుక్కోండి," అన్నాడు. ఆమె రెండడుగులు వేశాక మళ్ళీ అన్నాడు. "చుట్టాలెవరో దిగినట్టున్నారుగా. ఒకటే కబుర్లు."

వాళ్ళకు చుట్టాలెవరూ లేరు.

గోడ తడుముకుంటూ పై అంతస్తు దాకా ఎక్కింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టగానే ప్లాంటులో తన గది వాసనే గుప్పున కొట్టింది. కిటికీలన్నిటికీ నల్ల కాగితాలు అంటించినట్టున్నాడు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే నలుపు.

"అక్కా, తలుపు మూసెయ్యి." ఎదురుగా ఎక్కణ్ణుంచో చిన్నోడి గొంతు. బాగా నీరసించి ఉంది. "వెలుగు తగిలితే మందు విరిగిపోతుందని నువ్వే చెప్పావుగా."

"సీసాలో ఉన్నదాని గురించి చెప్పాన్రా."

"ఇప్పుడు నాలో ఉందిగా."

గొంతు వచ్చిన వైపు చేతులు చాచి నడిచింది. బల్ల అంచు తగిలింది.

అప్పుడు... లోపలి గదిలోంచి ఎవరో అడిగారు. మెత్తగా, లాలనగా.

"తాగావా?"

"తాగుతున్నా," అన్నాడు చిన్నోడు. గ్లాసు పళ్ళకు తగిలిన చప్పుడైంది.

"ఎవర్రా లోపల?" ఆమె గొంతు గుసగుసగా మారిపోయింది.

"గంట గంటకీ అడుగుతారక్కా. మొదట్లో ఫోన్‌లో అడిగేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ కూడా అక్కర్లేదు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు నెలకోసారి చేసి బానే ఉన్నావా అంటావు. నేను 'ఆఁ' అనేలోపే పెట్టేస్తావు."

నిజమే. తను కూడా ఒక్కతే తిని, ఒక్కతే పడుకుంటుంది. వాడు ఎలా ఉన్నాడో పూర్తిగా వింటే ఆ ఒంటరితనం రెట్టింపవుతుందని భయం.

"ఇకనుంచి రోజూ నేనే అడుగుతాన్రా. మా ఇంట్లోనే ఉందువుగాని. ముందు ఆస్పత్రికి పోదాం. లేరా, నా బంగారు కదూ."

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. లోపలి గదిలోంచి ఏ మాటా రాలేదు.

"రోజూ అడుగుతావా?"

"రోజూ."

"సరే, వస్తా."

కుర్చీ కిర్రుమంది. ఆమె చీకట్లోకి చెయ్యి చాచింది. అరచేతిలోకి ఒక చెయ్యి వచ్చి చేరింది. చల్లగా, తడిగా ఉంది. గ్లాసు ఒలికి ఉంటుందనుకుంది. మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని గట్టిగా పట్టుకుని బయటికి నడిపించింది.

చీకటి మెట్లు దిగుతూ ఉన్నంతసేపూ ఆమే మాట్లాడింది. ముందు గది వాడికిస్తానంది. పొద్దున్నే ఎండలో కూర్చోబెడతానంది. చిన్నోడు ఊఁ కొట్టలేదు. అడుగుల చప్పుడు కూడా చేయకుండా వెంట వస్తున్నాడు. నీరసమనుకుంది. వస్తున్నాడు, అంతే చాలు.

చివరి మలుపు. కింద గేటు దగ్గరి దీపం వెలుగు ఆఖరి మెట్టు దాకా వచ్చి ఆగింది. ఇంకొక్క నాలుగడుగులు...

"అక్కా."

పైనుంచి. నీరసంగా.

"అక్కా, ఎక్కడున్నావ్? లేవలేకపోతున్నా. చెయ్యి అందించవూ?"

ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పక్కకు చూడలేదు. మెల్లగా వేళ్ళు సడలించి, పట్టుకున్న చేతిని వదిలేసింది.

ఆ చెయ్యి ఆమెను వదల్లేదు. ఆమె వేళ్ళ మధ్య తన వేళ్ళు ఒక్కొక్కటే దూర్చుకుంది.

"వస్తున్నాన్రా..." అని అరవబోయింది.

పైన కుర్చీ కిర్రుమంది. చిన్నోడు హాయిగా నిట్టూర్చాడు.

"ఆఁ, దొరికింది," అన్నాడు. "అబ్బ... ఎంత చల్లగా ఉందక్కా నీ చెయ్యి."