సచ్చిన సర్వర్‌ను లేపిన పిల్ల

ఇందుల ఒక్క అబద్ధం ఉన్నా నా నోట్ల మిగిలిన మూడు పండ్లూ ఇప్పుడే ఊడిపోవాలె. ఎదురింటిదానివి, నీకు గాక ఎవ్వలకు చెప్త... విను వర్షితా.

హాలియా బస్టాండు ఎనక మూతపడ్డ టిఫిన్ హోటల్ ఉంది గదా— చీకటి పడ్డంక దాని ముంగట కుక్క గూడ మొరగదు. అండ్ల పరశురాములని సర్వర్ ఉండె. ఒక్క చేత్తోని నలభై ప్లేట్లు మోస్తుండె. ఐదేండ్ల కింద, సాంబార్ గిన్నె చేతిల ఉండంగనే పానం పోయింది... సుక్క ఒలకలే! అప్పటిసంది ఆ జాగను ఎవ్వలూ కిరాయికి తీసుకోలే.

మా మనుమరాలు మంజులత తీసుకున్నది. కంప్యూటర్ సదివింది, దానికి దెయ్యాలు ఓ లెక్కనా? అండ్లనే కూసొని గొర్ల కాపరుల సంఘానికి వెబ్‌సైట్ చేస్తాంది. దానికది మొదటి పని. సంఘం పెద్ద లింగస్వామి తెల్లారి చూసి సరే అంటే ఉన్నట్టు, లేకుంటే పోయినట్టే.

లింగస్వామి ఎంతటోడు! అచ్చంపేట అడవిల గొర్లను మేపుకుంట చిరుతపులిని "జర పక్కకు జరుగు" అన్నడట. ఆయనే చెప్పుకుంటడు, మనమెందుకు కాదనాలె. గంత ధైర్యమున్న మనిషి తెల్లారేదాక ఆగలేక, పొద్దుగూకినంకనే హోటల్ కాడికి పోయిండు.

తలుపు సందుల నీలం ఎలుగు... లోపల మంజులత గుసగుస—

"సర్వర్‌గాడు సచ్చిండు..."

లింగస్వామి కాలు ఆగింది.

"లే... లేవరా..."

వంటింటి దిక్కుకెల్లి సన్నగ— "వస్తున్న... వేడిగ తెస్తున్న..."

మళ్ల మంజులతనే— "ఓహో, పాతోడు ఇంకా జాగ ఇడుస్తలేడు. వాన్ని సంపితే గాని కొత్తోడు లేవడు... ఆఁ, సంపిన!"

పులిని పక్కకు జరిపినాయన ఒక్క దూకుల తన ఇంట్ల పడ్డడు. మధ్యల సాగర్ కాల్వ ఉంది గని, వంతెన అవసరం పడలే. ఒక చెప్పు మాత్రం హోటల్ మెట్ల మీదనే ఉండిపోయింది.

తెల్లారి మంజులత లాప్‌టాప్ పట్టుకొని ఆయన ఇంటికి పోతే తలుపు తియ్యడు!

"మనుషులను సంపుతవ్, మళ్ల లేపుతవ్. నీ సైటు మాకొద్దు బిడ్డా!" అన్నడు కిటికీలకెల్లి.

"అయ్యో పెదబాపూ, సర్వర్ అంటే మనిషి గాదు. నా లాప్‌టాప్‌లనే నడిచే చిన్న జావాస్క్రిప్ట్ ప్రోగ్రాం. పేజీ అడిగితే తెచ్చి ముంగట పెడ్తది, అంతే. రాసింది రాసినట్టే ఇస్తది, ఉప్పు గూడ కలపది. లాప్‌టాప్‌ల పోర్టు అనే మూడువేల నంబర్ జాగను పాతది ఇడువకపోతే కొత్తది లేవక ఆగిపోయింది, గదే సచ్చుడు. పాతదాన్ని ఆపి, కొత్తది నడిపిన."

తలుపు తీసిండు. సైటు చూసిండు. పొట్టేలు ఫొటో తన ఫొటో కంటె మంచిగొచ్చిందని జర మూతి ముడిచిండు గని, "పని నీకే బిడ్డా" అన్నడు.

ఆమె లేసి పోతాంటే మెల్లగ అడిగిండు— "మరి... వంటింట్లకెల్లి 'వేడిగ తెస్తున్న' అన్నది ఏ ప్రోగ్రాం?"

మంజులత మొఖంల నవ్వు పోయింది.

"వంటింటికి తాళం ఉంది పెదబాపూ... లోపల నేనొక్కదాన్నే ఉన్న."

ఏం వర్షితా, అట్ల బిగుసుకపోయినవ్? లింగస్వామి చెప్పు ఇంకా ఆ మెట్ల మీదనే ఉంది. పాపం, పులులను జరుపుడే సరిపోతాందట, ఆయనకు తీరుతలేదు. జర పోయి తెచ్చిపెట్టు. ఎవరన్న "ఏం కావాలె?" అని అడిగితే ఉరకకు— నాకు రెండు ఇడ్లీ పార్సల్ చెప్పు.

సాంబార్ ఒలుకుతదని ఫికర్ చెయ్యకు.